పిలిచిన గొంతు

మా ముత్తాత జీవితాన్ని సంగీత నాటకంగా వ్రాయటానికి కూర్చున్నప్పుడు నా మనసులో 1947 నాటి సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ ఉంది. ఎదిరించే రైతునే చూపాలనుకున్నాను. గుమ్మడిదల ముసలమ్మలు చెప్పింది వేరు. నిజాం కాలంలో ఆయన మస్కూరి. దొర కబురందితే కోడికూతకు ముందే గడపగడపకూ పోయి జనాన్ని వెట్టికి లేపినవాడు. తానూ మూటలు మోశాడు, నిజమే. కాని పిలిచిన గొంతు ఆయనది.

“ఆ ముచ్చట ఎందుకు బిడ్డా” అన్నది అమ్మ. మొదటి ప్రతిలో వదిలేశాను. పాటలు కుదిరాయిగాని నాటకం నిలబడలేదు.

ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ కొత్త ప్రాణం పోసిన బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం, మరో పక్క రాజకీయం నిలుస్తారు. కథనాపి ప్రశ్నించే హక్కు ఆ వంతలకుంది. రాగాల మోజులో మన రంగస్థలం ఈ హక్కును మరిచిందనే నా ఫిర్యాదు. రాజకీయం చేత అడిగించాను: “మరి వీళ్ళను లేపిందెవరు?” తంబుర ఆగుతుంది. అక్కడ ముత్తాతకు పాట లేదు. గుమ్మెట దెబ్బ మీద ఒక్కొక్క ఇంటి పేరూ పిలవటమే.

ఆ వేషం కట్టింది, బొంతపల్లి వైపు ఫ్యాక్టరీలకు కూలీలను పోగుచేసే మేస్త్రీ. మూడు రాత్రులు ఆ పేర్లు పలకలేక కూర్చున్నాడు. నాలుగోనాడు తన కూలీల పేర్లే పిలిచాడు. నేను దిద్దలేదు.