రాయి ఒకటే, లెక్కలు రెండు

ఇంటర్ ఫిజిక్స్‌లో ప్రక్షేపకాల లెక్క కనబడితే చాలు, మనలో చాలామంది "ఛాయిస్‌లో వదిలేద్దాం రా" అంటారు. కొందరు గైడు తెరిచి సూత్రాలు బట్టీ పడతారు. మిత్రులారా, ఈ రెండూ అక్కర్లేదు.

ప్రక్షేపకం అంటే ఏమిటి? విసిరాక భూమ్యాకర్షణకి తప్ప ఇంక దేనికీ లోబడని వస్తువు, అంతే. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి మంచె ఎక్కి వడిసెలతో కొట్టిన రాయి కూడా ప్రక్షేపకమే. గాలి అడ్డు లేదనుకుందాం.

మంచె ఎత్తు 5 మీటర్లు. రాయిని సరిగ్గా అడ్డంగా, సెకనుకి 20 మీటర్ల వేగంతో కొట్టాం. ఎంత దూరంలో పడుతుంది?

సూత్రం వెతకొద్దు. కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క 'అడ్డం', ఇంకో పక్క 'నిలువు' అని రాయండి. నిలువులో మొదటి వేగం సున్నా. త్వరణం 9.8, తేలిక కోసం 10 అనుకుందాం. మొదటి సెకనులో పడే దూరం 10లో సగం, అంటే 5 మీటర్లు. కాబట్టి రాయి గాలిలో ఉండేది 1 సెకను. అడ్డంలో త్వరణమే లేదు. 1 సెకనుకి 20 మీటర్లు. లెక్క అయిపోయింది!

చేతిలోంచి ఊరికే జారవిడిచిన రాయి కూడా అదే 1 సెకనులో నేల చేరుతుంది. ఎంత గట్టిగా అడ్డంగా కొట్టినా పడే కాలం మారదు. ఒక కదలిక ఇంకోదాని జోలికి పోదు. రెండింటికీ ఉమ్మడిది కాలం ఒక్కటే. ఈ రెండూ కలిస్తే దారి పరావలయం అవుతుందని ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో చూపించాడు.

నేల మీంచి ఏటవాలుగా కొట్టినా పద్ధతి ఇదే. వేగం 20, కోణం 30 డిగ్రీలు అనుకోండి. నిలువు వేగం 10, అడ్డం వేగం 17.3. పైకి 1 సెకను, కిందికి 1 సెకను. దూరం 34.6 మీటర్లు. 60 డిగ్రీలకి కూడా చేసి చూడండి, మళ్ళీ 34.6 మీటర్లే వస్తుంది! అప్పుడు రాయి పైన ఎక్కువసేపు ఉంటుంది, ముందుకి మెల్లగా పోతుంది. అన్నిటికన్నా దూరం పోయేది 45 డిగ్రీలకి, 40 మీటర్లు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా పక్క మంచం మిత్రుడు "మన ఊళ్ళవాళ్ళకి ఎంపీసీ పడదు, సెలవులకి పోతే మళ్ళీ రాను" అంటున్నాడు. వడిసెల పడితే వాడి గురి తప్పదు. రాయి ఎక్కడ పడేదీ వాడి చేతికి తెలుసు, దాన్ని కాగితం మీద పెట్టడమే మిగిలింది. అందుకు ఒక గీత, రెండు వరసలు చాలు. మనకి రాదని ఎవరన్నారు?

వార్డెన్ సార్‌కి మనవి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక డైనింగ్ హాల్లో ఒక అరగంట లైటు ఉంచండి సార్. రోజుకో లెక్క వేసుకుంటాం. సెలవులకి ముందే మొదలుపెట్టాలి.