మంచు కోసం మేలుకొన్నవారు

తెలుగులో 'మంచు' అనే మాట చాలా బరువు మోస్తుంది. ధనుర్మాసపు ఉదయాన ఊరిని కమ్మేదీ మంచే, గడ్డిపరకల కొనలపై మెరిసే బిందువులూ మంచే, హిమాలయ శిఖరాలపై యుగాలుగా పేరుకొన్నదీ మంచే. నీహారం, తుషారం, హిమం అనే సంస్కృత పదాలు కావ్యాలలో ఉన్నప్పటికీ, నిత్యవ్యవహారంలో వాటి నడుమ గీతలు చెరిగిపోయాయి. తెలుగు నేలకు అంతకు మించిన అవసరం కలుగలేదు.

బ్రిటన్ దేశంలో పరిస్థితి వేరు. ఆకాశం నుండి రేకులుగా రాలే హిమం ఒకటి. మేఘమే లేని రాత్రి నేలమీదనే పుట్టి, ఉప్పు చల్లినట్లు పచ్చికను తెల్లబరిచే తుషారం మరొకటి. వానా హిమమూ కలగలిసి పడే తడిముద్ద ఇంకొకటి. ప్రతిదానికీ ఒక పేరు, ఒక లెక్క ఉన్నాయి. ఆ లెక్కలు వ్రాసేవారిలో చాలామంది శాస్త్రజ్ఞులు కారు. బడి పంతుళ్ళు, చర్చి గురువులు, తోటమాలులు, ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాలు తమంత తామే ఆ పనిని నెత్తిన వేసుకొన్నారు. జీతం లేదు, నిర్బంధం లేదు. ఉన్నదల్లా వాతావరణంపై తీరని మమకారం.

వారి పెరటిలో నాలుగు కాళ్ళపై నిలిచిన తెల్లని చెక్కపెట్టె కనిపిస్తుంది. దాని గోడలు వాలు పలకలతో కట్టబడి, గాలిని రానిచ్చి ఎండను ఆపుతాయి. దాని రూపకర్త దీపస్తంభాల ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్. నవలా రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తండ్రిగానే లోకం ఆయనను ఎక్కువగా ఎరుగును. పెట్టెలోని ఉష్ణమాపకం నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉండాలి. ప్రతి ఉదయం గ్రీనిచ్ కాలమానం ప్రకారం 9 గంటలకు దాన్ని చూడాలి. ఆ సమయానికి చుట్టుపక్కల నేలలో సగానికి మించి హిమం కప్పి ఉంటేనే 'హిమం నిలిచిన దినం' అని వ్రాయాలి. అర్ధరాత్రి మోకాటి లోతున పడి తెల్లవారే సరికి కరిగిపోతే ఆ గడిలో సున్నయే. ఈ పట్టుదల చూచేవారికి చాదస్తమనిపించవచ్చు. కాని ఆ చాదస్తం లేకుంటే తాతలనాటి శీతకాలాన్ని నేటి శీతకాలంతో పోల్చే మార్గమే ఉండదు.

లెక్క ఇంత కఠినమైనా, మనసు మాత్రం పసిపిల్లల మనసు వంటిది. రేపు హిమం పడవచ్చునని సూచన వచ్చిన రాత్రి వీరు నిద్రపోరు. గంటకొకసారి తెర తొలగించి వీధిదీపం వంక చూస్తారు. చీకటిలో కనిపించని చినుకులు దీపపు వెలుగులో కనిపిస్తాయి. నిటారుగా గీతలై దిగితే వాన, తేలుతూ తిరుగుతూ దిగితే హిమం. గీత రేకుగా మారే ఆ క్షణం కోసమే జాగరణ. తెల్లవారిన తరువాత ఒకరినొకరు పలకరించుకొనేటప్పుడు కుశలప్రశ్నల కన్న ముందు "మీ వైపు ఎంత పడింది?" అన్న ప్రశ్నే వస్తుంది.

ఈ ఆత్రుతకు కారణం ఆ దేశపు భౌగోళిక స్థితిలో ఉన్నది. లండన్ నగరం 51వ అక్షాంశానికి ఉత్తరాన ఉన్నది. అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున అదే అక్షాంశంలో ఉన్న లాబ్రడార్ తీరం చలికాలమంతా గడ్డకట్టి ఉంటుంది. బ్రిటన్‌ను కాపాడేది పడమటి గాలి. అది ఉష్ణప్రవాహం వెచ్చబరిచిన సముద్రం మీదుగా వచ్చి, చలికాలాన్ని వానాకాలంగా మార్చివేస్తుంది. హిమం పడాలంటే ఆ గాలి దారి తప్పాలి. స్కాండినేవియాపై అధిక పీడనం గోడవలె నిలిచి, పడమటి గాలిని అడ్డగించి, సైబీరియా మైదానాల శీతల వాయువును తూర్పు నుండి రప్పించాలి. అప్పుడు కూడా ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే హిమం వానగా మారుతుంది. ఏటా తప్పక వచ్చే అతిథి కోసం ఎవరూ వాకిట నిలబడరు. వచ్చునో రాదో తెలియని అతిథి కోసమే నిరీక్షణ. మాస్కో నగరవాసికి ఈ జాగరణ అర్థం కాదు.

ఈ పరంపరలో తొలితరం వారిలో ఎన్నదగినవాడు గిల్బర్ట్ వైట్. ఇంగ్లండ్ దక్షిణ భాగంలోని సెల్‌బోర్న్ అనే పల్లెలో మతాచార్యుడుగా ఉంటూ, పక్షులను, పురుగులను, వానలను చూచి వ్రాయడమే జీవితంగా గడిపినవాడు. 1784 డిసెంబరులో అక్కడ భయంకరమైన చలి వచ్చింది. వైట్ దగ్గర రెండు ఉష్ణమాపకాలు ఉన్నాయి. వాటిలో ఒకదాని గీతలు అంత దిగువకు లేవు. పాదరసం గీతలను దాటి అడుగున ఉన్న ఇత్తడి తొడుగులోకి జారుకొన్నది. వాతావరణం అత్యంత రసవత్తరమైన వేళలోనే ఆ సాధనం పనికిరాకుండా పోయిందని ఆయన నొచ్చుకొన్నాడు. రెండవది డిసెంబరు 10వ తేదీ రాత్రి 11 గంటలకు ఫారన్‌హీట్ సున్నాకు ఒక డిగ్రీ దిగువన నిలిచింది. సెల్సియస్ లెక్కలో సున్నాకు దిగువన సుమారు 18 డిగ్రీలు.

ఇంతటితో ఆగితే ఆయన సామాన్యుడే. లోయలోనే ఇంత చలి ఉంటే ఎత్తున ఎంత ఉండాలి అని ఆయనకు సందేహం కలిగింది. తన ఇంటికన్న 200 అడుగులకు పైగా ఎత్తున, న్యూటన్ అనే చోట ఉన్న ఒక పరిచితుని అక్కడి ఉష్ణమాపకాన్ని కనిపెట్టి చూడమని కోరాడు. అద్భుతమైన ఫలితం వస్తుందని ఎదురుచూచాడు. అద్భుతమే వచ్చింది, కాని తలక్రిందులుగా. అదే రాత్రి అదే వేళ న్యూటన్‌లో ఫారన్‌హీట్ 17 డిగ్రీలు! లోయకన్న మిట్ట 18 డిగ్రీలు వెచ్చన. ఎవరి సాధనమో చెడిపోయి ఉండాలని తన ఉష్ణమాపకాన్ని ఒకదాన్ని పైకి పంపి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండూ ఒకే అంకెను చూపాయి. కొన్నాళ్ళకు చెట్లు కూడా సాక్ష్యం చెప్పాయి. సెల్‌బోర్న్ తోటలో మాడిపోయిన జాతుల చెట్లకే న్యూటన్‌లో ఒక్క ఆకు కూడా రాలలేదు.

ఎత్తుకు పోయినకొద్దీ చలి పెరుగుతుందన్నది సాధారణ నియమం. గాలి కదలని, మేఘం లేని రాత్రి ఈ నియమం తారుమారవుతుంది. నేల తన వేడిని ఆకాశానికి వదలి చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలీ చల్లబడి, బరువెక్కి, నీరు పల్లానికి పారినట్లు లోయలోకి జారి నిలుస్తుంది. హిమం కప్పిన నేల మీద ఇది మరింత తీవ్రం. ఇంగ్లండ్‌లో ఇంతవరకు నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత ఏ శిఖరం మీదిదో కాదు. 1982 జనవరి 10న ష్రాప్‌షైర్‌లోని న్యూపోర్ట్ దగ్గర, పల్లపు నేలలోనే, అది సున్నాకు దిగువన 26.1 డిగ్రీలకు చేరింది.

ఇలాంటి దినచర్యలు ఊరూరా ఉండేవి. వాటిని ఒక్క మాలగా గ్రుచ్చిన ఘనత గోర్డన్ మాన్లీ అనే భూగోళ ఆచార్యునిది. పాత డైరీలను వెదకి, సాధనాల లోపాలను సవరించి, మధ్య ఇంగ్లండ్‌లో నెలనెలా సగటు ఉష్ణోగ్రత ఎంతో ఆయన లెక్కకట్టాడు. 1953లో వెలువరించిన పట్టికను 1974లో వెనుకకు పెంచి 1659 వరకు తీసుకొని వెళ్ళాడు. సాధనాలతో కొలిచిన ఉష్ణోగ్రతలలో ఇంత దీర్ఘమైన నెలవారీ వరుస ప్రపంచంలో మరొకటి లేదు. ఇక్కడ ఛత్రపతి శివాజీ కోటలు గెలుస్తున్న కాలం నుండి నేటిదాకా అక్కడి ప్రతి మాసపు చలి ఒక అంకెగా నిలిచి ఉన్నదన్నమాట.

ఆ పట్టిక ప్రకారం అన్నిటికన్న చల్లని శీతకాలం 1683-84. ఆ ఏట లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టింది. దానిపై అంగళ్ళు వెలిశాయి, బండ్లు నడిచాయి, అచ్చుయంత్రం పెట్టి జనం పేర్లు ముద్రించి అమ్మారు. రెండవ స్థానం 1739-40ది, మూడవది 1962-63ది. కాని 1963లో లండన్ నడుమ థేమ్స్ గడ్డకట్టలేదు. దీనిపై వాతావరణ ప్రియుల నడుమ చర్చ తరచు సాగుతుంది. నది గడ్డకట్టలేదు కనుక పాతకాలపు చలి రాలేదని వాదించేవారు కొందరు. అంకె ఆ మాటను ఒప్పుకోదు. 1963 జనవరి సగటు సున్నాకు దిగువన 2.1 డిగ్రీలు. 1814 జనవరి తరువాత అంత చల్లని నెల మరొకటి లేదు. మారినది చలి కాదు, నది. పాత లండన్ వంతెన ఇరుకు కమానులు ప్రవాహాన్ని ఆనకట్టవలె మందగింపజేసేవి. 1831లో దాన్ని పడగొట్టారు. ఆపై గట్లు కట్టి నదిని సన్నబరిచారు. వేగంగా పారే నీరు గడ్డకట్టదు. ఎగువన, ఆక్స్‌ఫర్డ్ దగ్గర, అదే నది 1963లో గడ్డకట్టింది. కెంట్ తీరాన సముద్రపు అంచు సైతం గట్టిపడింది.

అయితే అంకె కూడా అన్నీ చెప్పలేదు. సగటును బట్టి 1946-47 శీతకాలం 1963 కన్న చాలా వెచ్చన. డిసెంబరూ జనవరిలో తొలి వారాలూ మామూలుగానే గడిచాయి. కాని ఆ తరంవారిని అడిగితే 1947 పేరే చెప్పేవారు. జనవరి చివర మొదలైన హిమపాతం మార్చి మధ్య వరకు విడువలేదు. యుద్ధం ముగిసి రెండేళ్ళు కూడా కాలేదు. తిండికి కొరత, బొగ్గుకు కొరత. ఉన్న బొగ్గు హిమంలో కూరుకొన్న రైళ్ళలో చిక్కుకొన్నది. విద్యుత్తు ఆగి కర్మాగారాలు మూతపడ్డాయి. కొండలపై లక్షలాది గొర్రెలు చనిపోయాయి. మార్చిలో అంతా ఒక్కసారిగా కరిగి వరదలు ముంచెత్తాయి. హిమం కోసం మేలుకొనేవారిని చూచి ముసలివారు ముఖం చిట్లించడానికి కారణం ఉన్నది. గది వేడిచేసుకొనే స్తోమత లేని వృద్ధునికి వీధిదీపం క్రింద తేలే రేకు అందంగా కనిపించదు. ఇప్పటికీ ఆ దేశంలో శీతకాలపు మరణాలు వేసవి మరణాల కన్న వేల సంఖ్యలో ఎక్కువ. వాతావరణ ప్రియులు ఈ మాటను ఎరుగనివారు కారు. తమ కోరికకూ పొరుగువారి కష్టానికీ నడుమ కొంత సిగ్గుపడుతూనే వారు ఆకాశం వంక చూస్తారు.

మధ్య ఇంగ్లండ్ పట్టికలో 2010 డిసెంబరు సగటు సున్నాకు దిగువకు పోయింది. 1986 ఫిబ్రవరి తరువాత అలా జరగడం అదే మొదటిసారి. ఆపై 2024 చివరి వరకు అటువంటి నెల మరొకటి రాలేదు. 2018లో ఫిబ్రవరి చివర తూర్పు గాలి వచ్చి దేశాన్ని కొద్దిరోజులు స్తంభింపజేసింది, వెళ్ళిపోయింది. "మా చిన్నతనంలో హిమం మోకాళ్ళ దాకా పడేది" అనే మాటను పూర్వం ఈ లెక్కల మనుషులే ఎగతాళి చేసేవారు. పిల్లవాని మోకాలు ఎంత ఎత్తున ఉంటుందని అడిగేవారు. ఇప్పుడు వారి పుస్తకాలే ఆ మాటను కొంతవరకు సమర్థిస్తున్నాయి. ఇది వారికి ఇష్టమైన ఫలితం కాదు. అయినా 'హిమం నిలిచిన దినం' గడిలో సున్న వ్రాయవలసిన చోట సున్నయే వ్రాస్తున్నారు.

స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్ పర్వతాలలో బ్రేరియాక్ అనే శిఖరం ఉన్నది. ఎత్తు 1,296 మీటర్లు. దాని నీడలో, ఎండ సోకని ఒక మూల, వేసవి అంతా నిలిచే హిమఖండాన్ని పర్వతారోహకులు స్ఫింక్స్ అని పిలుస్తారు. 1933లో అది పూర్తిగా కరిగినప్పుడు, ఇటువంటిది మళ్ళీ జరగదని ఆనాటివారు భావించారు. 1959లో మళ్ళీ కరిగింది. ఆపై 1996, 2003, 2006, 2017, 2018 సంవత్సరాలలో కరిగింది. 2021, 2022, 2023లలో వరుసగా మూడేళ్ళు కరిగింది. ఈ తేదీలన్నీ స్వచ్ఛందంగా కొండ ఎక్కి చూచినవారు వ్రాసినవే. వేసవి చివర, కొత్త హిమం పడకముందే, వారు వంతులవారీగా పైకి వెళ్తారు. మిగిలిన ఖండాల పొడవును టేపుతో కొలుస్తారు. ఏమీ మిగలని ఏడు తడిసిన రాళ్ళను చూచి, ఆ మాటే వ్రాసుకొని, చీకటిపడకముందే దిగివస్తారు.