పెరటి వేప

సిద్దిపేటలోని మా పెంకుటిల్లు తాతగారు కట్టించినది. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. ఇట్టి దానిని మా వైపు భవంతి ఇల్లంటారు. కోస్తాలో మండువా లోగిలి అంటారు. వేడిగాలి ఆ వాకిలి గుండా పైకి పోతుంది. మందమైన మట్టిగోడలు ఎండవేడిని త్వరగా లోనికి రానీయవు.

కుమారుని వివాహానంతరం మరి రెండు గదులు అవసరమైనాయి. పెరటిలో పడమట స్థలమున్నది. కాని అక్కడొక వేపచెట్టు.

"సార్, చెట్టు కొట్టేస్తే రెండు అర్రలూ పెద్దగ వస్తయి" అన్నాడు మేస్త్రీ. నేను తల ఊపాను. ప్రబంధాలలోని వనవర్ణనలను ఏళ్ల తరబడి బోధించిన నేనే!

అమ్మ ఏమీ అనలేదు. మంచం తీసికొని వెళ్లి చెట్టు కింద వాల్చుకొన్నది. మూడవనాటి మధ్యాహ్నం నేనూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. వైశాఖపు ఎండ పడమటి గోడను తాకకుండా ఆపుతున్నది ఆ చెట్టేనని అప్పుడు గ్రహించాను.

తిరువనంతపురంలో వాస్తుశిల్పి లారీ బేకర్ రాతి వాలును చదును చేయక, దాని తీరును అనుసరించే తన ఇల్లు కట్టుకొన్నారు. ఆ మాట చెప్పి, మేస్త్రీ చేత ముగ్గు మళ్లీ పోయించాను. వేళ్లు తెగకుండా పునాది లోనికి జరిగింది. ఒక గది చిన్నదైంది. నా పుస్తకాల బీరువా నేటికీ వసారాలోనే ఉన్నది.

అమ్మ ఇప్పుడు లేదు. ఆమె మంచం వేసుకొన్న చోట మనుమరాలు వేపపూత ఏరుకొంటున్నది. కొత్త ఇంటికి కొలతలు తీసేవారు, ఆ నేలలో తమకంటే ముందే నిలిచిన వాటిని కూడ లెక్కలోనికి తీసుకోవాలి.