నడిచే చేపకు పింగాణీ పురిటిల్లు

చేప అన్నాక ఈదాలి. కానీ ఈ చేప నడుస్తుంది! దాన్ని చూడాలంటే ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మానియా దీవికి, దాని రాజధాని హోబర్ట్‌కి వెళ్లాలి. వెనక 1,271 మీటర్ల వెల్లింగ్టన్ కొండ, ముందు సముద్రంలో కలవబోతూ వెడల్పైపోయిన డెర్వెంట్ నది. శనివారం వచ్చిందంటే సలామాంకా సంతలో సందర్శకుల సందడే సందడి. ఆ పక్కనే బ్యాటరీ పాయింట్ ఒడ్డున, లంగరేసిన పడవల కింద, బురదనేల మీద ఈ చేప తాపీగా అడుగులేస్తుంటుంది.

పేరు స్పాటెడ్ హ్యాండ్‌ఫిష్. ఫ్రాగ్‌ఫిష్‌లకు దాయాది. ఎంత పెరిగినా 12 సెంటీమీటర్లే. మీగడరంగు ఒంటి నిండా గోధుమ, నారింజ చుక్కలు. ఏ రెండు చేపలకీ అవి ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగన్నమాట. పరిశోధకులు ఫొటోలు తీసి, చుక్కల్నిబట్టే ఏది ఏదో గుర్తుపడతారు. చాలా చేపల్ని నీళ్లలో తేలేలా చేసే గాలితిత్తి దీనికి లేదు. అందుకే చేతుల్లాంటి రెక్కల్ని నేలకానించి నడక. మూతి చూస్తే ఎవరిమీదో అలిగినట్టే ఉంటుంది!

ఇల్లు కదలని ఈ స్వభావమే దాని కొంప ముంచింది. చాలా చేపల పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడెక్కడో స్థిరపడతాయి. దీని పిల్లలు మాత్రం గుడ్డులోంచి తల్లి రూపంతోనే బయటికొచ్చి నేరుగా నేలమీదకి దిగుతాయి. పుట్టినచోటే బతుకంతా. ఒకచోట చేపలు పోతే, మరోచోటి నుంచి వచ్చి చేరడం గగనమే.

పైగా తల్లికి గుడ్లు పెట్టడానికి ఆసరా కావాలి. బురదలోంచి సన్నటి కాడలా లేచే అసీడియన్ అనే జీవికి గుడ్లు చుట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలు కాపలా కాస్తుంది. అక్కడికే వచ్చింది పిలవని చుట్టం. ఉత్తర పసిఫిక్‌కి చెందిన ఓ స్టార్‌ఫిష్ 1980ల్లో డెర్వెంట్‌లో పాగా వేసింది. ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్లలో వచ్చి ఉంటుందంటారు. దొరికిందల్లా తినే ఆ జీవి ఈ కాడల్నీ వదల్లేదు. 1996లో ఐయూసీఎన్ ఎర్రజాబితాలో, అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్నవాటి వరసలోకి ఎక్కిన తొలి సముద్ర చేపల్లో హ్యాండ్‌ఫిష్ ఒకటి.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు దీనికో ఉపాయం కనిపెట్టారు. మొదట ప్లాస్టిక్ పుల్లల్నీ, తర్వాత పింగాణీ కాడల్నీ నది అడుగున గుచ్చారు. తల్లిచేపలు పేచీ పెట్టలేదు, వాటికే గుడ్లు చుట్టాయి. పురిటికి ఆ మాత్రం చాలు కాబోలు!

ఇంత హడావుడి ఎందుకంటే, ఈ కుటుంబంలో ఒకదాని జాడ ఇప్పటికే లేదు. 1802 ప్రాంతంలో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాంస్వా పెరాన్ టాస్మానియా తీరంలో స్మూత్ హ్యాండ్‌ఫిష్‌ని సేకరించాడు. 2020లో అది అంతరించిపోయిందని ప్రకటించారు. మరుసటేడు ఆ మాట వెనక్కి తీసుకుని, తేల్చడానికి సమాచారం చాలదన్నారు. ప్రపంచం దగ్గర ఉన్నది పెరాన్ పట్టుకెళ్లిన ఆ ఒక్క చేపే.