కీ ఇవ్వాలా, చార్జింగ్ పెట్టాలా?

వాచీ కొనేటప్పుడు చూసుకోవాల్సింది అది చెప్పే టైము కాదండీ, మన దగ్గర్నుంచి అది ఏమడుగుతుందో!

హెచ్.ఎం.టి. వాళ్లు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో వాచీలు మొదలెట్టారు. మావారిది అందులో 'జనతా'. దాన్లో 17 కెంపులున్నాయి. ఆశపడకండి, చెవులకి పెట్టుకునేవి కావు. చక్రాల ఇరుసులు అరక్కుండా అమర్చే కృత్రిమ కెంపులు. ఆ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించినా, ఒంగోల్లో మా ఇంట్లో మాత్రం అది నడుస్తూనే ఉంది. పొద్దున్నే కీ ఇస్తే చాలు, ఇంకేమీ అడగదు.

మా అమ్మాయి హైదరాబాదు నుంచి పంపిన స్మార్ట్‌వాచీ అలా కాదు. నాడి చూస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, కూర్చుంటే లేవమంటుంది. మా అత్తగారైనా ఇంత లెక్క చూళ్లేదు! ఒంగోలు మే నెల ఎండలో పదివేల అడుగులు ఎవరు వేస్తారు చెప్పండి?

అయినా ఆయన పోయాక ఒంటరిగా ఉన్నానని పిల్లకి బెంగ. అందుకని చేతికి ఇదే కట్టుకుంటున్నాను. చార్జింగ్ అయిపోతే "ఏమ్మా, వాచీ తీసేశావా?" అని వెంటనే ఫోను చేస్తుంది.

ఆయన వాచీ ఆగిపోతే అడిగేవాళ్లెవరూ లేరు. అందుకే దానికి కీ ఇవ్వడం ఒక్కరోజు కూడా మానను.