పాత ఫొటో కూడా ఒక అమానతే

మన కుటుంబాల ఇనుప పెట్టెల్లో పాత ఫొటోలు తక్కువగానే కనిపిస్తాయి. దానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. ఫొటో తీయించుకోవడం ధర్మసమ్మతమా అన్న విషయంలో ఉలమాల మధ్య చాలాకాలంగా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ (రహ్మలై), ఫొటో అంటే నీడను పట్టి నిలపడమే తప్ప కొత్త రూపాన్ని కల్పించడం కాదని వాదించి దానిని అనుమతించారు. మన ఉపఖండంలోని అనేకమంది పండితులు మాత్రం దానిని చేతితో గీసిన చిత్రంతో సమానంగా పరిగణించి, అవసరం మేరకే వెసులుబాటు ఇచ్చారు.

ఆ అవసరాల జాడ నేటికీ మన పెట్టెల్లో ఉంది. ఐరాలలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ మేము చూసిన ఫొటోలలో ఎక్కువ భాగం హజ్ పాస్‌పోర్టు కోసమో, కువైట్ వీసా కోసమో, రేషన్ కార్డు కోసమో తీయించుకున్నవే. ఒక మనిషి అరవై డెబ్బై ఏళ్లు బ్రతికి వెళ్లిపోతే, ఆయన ముఖానికి మిగిలిన ఆనవాలు బొటనవ్రేలంత కాగితం ఒక్కటే. అది కూడా చెదలకూ చెమ్మకూ చిక్కుతోంది. కనుక వాటిని కంప్యూటరులో భద్రపరచి బాగుచేయాలన్న యువకుల ఆరాటం మెచ్చదగినదే. బంధుత్వాలను కలుపుకొని ఉండటానికి వంశాన్ని తెలుసుకోమని దైవప్రవక్త (సఅసం) మనకు బోధించారు. గోడకు ఫొటో తగిలించని ఇళ్లలో కూడా తాతముత్తాతల గుర్తులు పోకూడదన్న కోరిక సహజమే.

అయితే ఈ మధ్య మా బంధువుల ఇంట ఒక సంగతి జరిగింది. ఇంటి కుర్రవాడు తన ముత్తాత పాస్‌పోర్టు ఫొటోను సెల్‌ఫోనులోని ఒక యాప్‌లో పెట్టాడు. అసలు ఫొటోలో ఎడమ చెంప పూర్తిగా చెరిగిపోయింది. క్షణాల్లో చెంప వచ్చింది, కళ్లు మెరిశాయి, గడ్డం ఒత్తుగా నిండింది. అందరూ ముచ్చటపడ్డారు. దానిని ఆయన కుమార్తె చేతికిచ్చారు. ఎనభై దాటిన ఆ తల్లి చాలాసేపు చూసి, "ఎవరు నాయనా ఈయన?" అని అడిగింది. తండ్రి చెంప మీద ఉండిన పులిపిరి ఆమెకు గుర్తుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు.

ఇది ఒక యాప్ లోపం మాత్రమే కాదు. అటువంటి ఉపకరణాలు పనిచేసే తీరే అది. 2021లో వచ్చిన జీఎఫ్‌పీగ్యాన్ అనే ప్రోగ్రాము 70,000 ముఖచిత్రాల సంగ్రహం మీద శిక్షణ పొందింది. చెరిగిన చోట ఏముండేదో దానికి తెలియదు. తాను చూసిన వేలాది ముఖాలను బట్టి అక్కడ ఏముంటే సహజంగా కనిపిస్తుందో ఊహించి పూరిస్తుంది. అంటే మన దాదా ముఖంలో ఎవరెవరివో పోలికలు వచ్చి చేరతాయి. అదే సంవత్సరం మైహెరిటేజ్ సంస్థ తెచ్చిన డీప్ నాస్టాల్జియా మరొక అడుగు ముందుకు వేసి, చనిపోయినవారి ఫొటోలో కళ్లు ఆర్పించి తల తిప్పించింది. మాకు తోచినంతలో ఫొటోను కాదన్నవారి వాదనా, అవునన్నవారి వాదనా ఇక్కడ ఒక్కటవుతాయి. ఇది పట్టి నిలిపిన నీడ కాదు. కల్పించిన రూపం.

మరి చెరిగిన దానిని ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మన ముహద్దిసులు వ్రాతప్రతుల విషయంలో ఎన్నడో సమాధానం చెప్పి ఉన్నారు. హిజ్రీ 643, అంటే క్రీ.శ. 1245లో పరమపదించిన ఇబ్నుస్సలాహ్ (రహ్మలై) తన ముఖద్దిమాలో హదీసులను నకలు వ్రాసే మర్యాదలను వివరించారు. నకలును మూలంతో సరిపోల్చాలి. మూలంలో ఒక మాట తప్పుగా తోచినా దానిని దిద్దకూడదు. ఉన్నది ఉన్నట్లు వ్రాసి, దాని మీద స్వాద్ అక్షరం తలను పోలిన గీత ఒకటి ఉంచాలి. దానినే తద్బీబ్ అంటారు. పురుగు తిన్న చోట తన మాట చేర్చకుండా ఖాళీ విడిచిన లేఖకులు ఎందరో ఉన్నారు. ఆ ఖాళీ వారి అసమర్థత కాదు, వారి నిజాయితీ.

ఫొటోకూ ఇదే మర్యాద చాలు. ముందుగా చేతులు శుభ్రం చేసుకొని ఫొటోను అంచులతోనే పట్టుకోవాలి. ధూళిని మెత్తని కుంచెతో దులపాలే గాని తడిగుడ్డ తగిలించరాదు. ఫ్రేము అద్దానికి అంటుకున్న దానిని పీకకుండా అద్దంతోనే నకలు తీయాలి. లామినేషన్ చేయించవద్దు, అది తిరిగి ఊడదు. స్కానరుపై మామూలు ఫొటోకు 600 డీపీఐ, పాస్‌పోర్టు ఫొటోకు 1200 డీపీఐ పెట్టి టిఫ్ ఫైలుగా దాచాలి. ఇది మూలప్రతి, దీనిని ముట్టుకోరాదు. దీని నకలు మీదనే పని సాగాలి. స్కానరు లేకుంటే పగటి వెలుతురులో, నీడపట్టున, ఫ్లాష్ లేకుండా ఫోనును ఫొటోకు సమాంతరంగా పట్టి తీయవచ్చు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపాలి, లేకుంటే నాణ్యత తగ్గిపోతుంది.

ఉచితంగా దొరికే జింప్ ప్రోగ్రాముతో వెలసిన నలుపు తెలుపులను సరిచేయవచ్చు. గీతలనూ మచ్చలనూ పక్కనున్న భాగంతో పూడ్చవచ్చు. వెనుక గోడ, చొక్కా, కాగితం మడత వరకు ఇందులో అభ్యంతరం లేదు. ముఖం దగ్గర మాత్రం చేయి ఆగాలి. కన్నో చెంపో పోయి ఉంటే పోయినట్లే ఉంచండి. నలుపు తెలుపు ఫొటోకు రంగులు అద్దితే, అవి ఊహించినవని ఫైలు పేరులోనే వ్రాయండి.

జింప్ మన కంప్యూటరులోనే పనిచేయడం మరొక మేలు. అనేక యాప్‌లు ఫొటోను ఎక్కడో ఉన్న సర్వరుకు పంపుతాయి. జీవితమంతా పరదా పాటించిన తల్లుల రూపాన్ని అపరిచితుల చేతికి అప్పగించే హక్కు మనకు ఉందా అని ఒక్కసారి ఆలోచించాలి.

అన్నిటికంటే తొందరపడవలసిన పని కంప్యూటరుది కాదు. ఫొటోను ఇంటి పెద్దల ముందు ఉంచి, ఇది ఎవరు, ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఎందుకు తీయించారు అని అడిగి, చెప్పినవారి పేరుతో సహా వ్రాసుకోవాలి. అదే ఆ ఫొటోకు ఇస్నాద్. చిరిగిన కాగితం మరో పదేళ్లు ఆగవచ్చు. "ఈయన కాదు" అని చెప్పగలిగిన నోరు అన్నాళ్లు ఆగుతుందన్న భరోసా లేదు. ఆ తరం వెళ్లిపోయాక యంత్రం కల్పించిన ముఖమే మన మనవలకు తాతముఖమై నిలుస్తుంది. దానిని కాదనేవారు ఎవరూ ఉండరు. మనకు అప్పగించబడిన దానిని కలపక, పెంచక, ఉన్నది ఉన్నట్లు తరువాతి వారికి అందించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.