నెయ్యి పద్దు

డిసెంబరు 2, 2018. తణుకు

పరగడుపున షుగరు 186. మూడు నెలల సగటు చెప్పే టెస్టు 8.4. బరువు 84 కిలోలు. మిల్లు స్టాకు రాసే పాత పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉంటే, అక్కడ నా ఒంటి లెక్క మొదలుపెట్టాను. రేపటి నుంచి అన్నం లేదు. చపాతీ, ఇడ్లీ, పప్పు, పంచదార, పళ్లు, దుంపలు లేవు. నెయ్యి, నూనె, గుడ్డు, మాంసం, చేప, మీగడ, ఆకుకూరలు ఉన్నాయి. ఫోన్లో ఈ తిండి గురించి ఉపన్యాసాలు వినీ వినీ మా ఓనరు గారు తొమ్మిది కిలోలు తగ్గారు. ఆయన్ని చూసి కాటా దగ్గరి కుర్రాడు, వాణ్ని చూసి నేను.

ముప్పై ఏళ్లుగా బియ్యం మిల్లు గుమాస్తాని. "సారా కొట్టువాడు మందు మానేసినట్టుందండీ" అంది మా ఆవిడ.

డిసెంబరు 4

కొబ్బరి నూనెతో కోడిగుడ్డు అట్టు. కోనసీమ మాకు ఎంతో దూరం లేదు, అయినా మా ఇంట్లో కొబ్బరి నూనె ఎన్నడూ పొయ్యి ఎక్కలేదు. అది తలకి రాసుకునేది. మొదటి ముక్క నోట్లో పెట్టగానే చిన్నప్పటి ఆదివారం తలంటు గుర్తొచ్చింది, కళ్లు మూసుకుని మింగాను. రేపటి నుంచి నెయ్యి.

డిసెంబరు 6

మూడు రోజులకి రెండు కిలోల మూడొందల గ్రాములు! ఓనరు గారికి చెబితే నవ్వి ఊరుకున్నారు. సాయంత్రానికి నాకే తట్టింది. కాలేయంలోనూ కండల్లోనూ దాచుకున్న చక్కెర, తన బరువుకి మూడింతల నీటిని పట్టుకుని ఉంటుందట. ఆ నిల్వ ఖాళీ అయితే నీరూ పోతుంది. అంటే కళ్లంలో ధాన్యం ఆరబెడితే తూకం తగ్గినట్టన్నమాట. తేమ పోయింది, గింజ గింజలాగే ఉంది. ఎవరైనా రైతు ఆరబెట్టిన ధాన్యం తెచ్చి "బరువు తగ్గిందండీ" అని సంబరపడితే నేనేమంటాను?

నీటితోపాటు ఉప్పు కూడా పోతుందట. రెండు రోజులుగా తల పగిలిపోతోంది. కోడి ఎముకలు మరిగించి ఉప్పు కాస్త ఎక్కువేసి గ్లాసుడు తాగాను. గంటకల్లా నెప్పి దిగింది.

డిసెంబరు 9

ఇది వివరంగా రాయాలి.

పదకొండు గంటలకి లారీ లోడు రాస్తున్నాను. 340 బస్తాలు అని రాసి మళ్లీ 340 అని రాశాను, మళ్లీ అదే. చెయ్యి వణుకుతోంది. డిసెంబరు చలిలో చొక్కా తడిసి ముద్దయింది. ఎదురుగా హమాలీ నరసయ్య నోరు కదులుతోంది, మాట వినబడటం లేదు. ఏదో కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీదు. నరసయ్య నన్ను పట్టుకుని కూర్చోబెట్టి, టీ కొట్టు నుంచి గుప్పెడు పంచదార తెచ్చి నీళ్లలో కలిపి తాగించాడు. ఓనరు గారి సొరుగులో షుగరు మిషను ఉంది. 52.

అన్నం మానేశాను గానీ మాత్ర మానలేదు. పొద్దున్నే వేసుకునే గ్లిమెపిరైడ్, తిన్నా తినకపోయినా క్లోమాన్ని గిల్లి ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. వదిలిన ఇన్సులిన్‌కి పని ఏదీ? ఉన్న కాస్త చక్కెరనీ ఊడ్చేసింది. డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టాలని ఆరో తరగతి పిల్లాడికైనా తోస్తుంది. నాకు తోచలేదు. తప్పు నాదే.

డిసెంబరు 10

డాక్టరు గారు తిట్టలేదు, తిట్టుంటే బాగుండేది. "మందు తగ్గించాకే కదండీ తిండి మార్చాలి" అన్నారు నెమ్మదిగా. గ్లిమెపిరైడ్ తీసేసి మెట్‌ఫార్మిన్ ఉంచారు. రోజూ నాలుగుసార్లు వేలు గుచ్చుకోమన్నారు.

డిసెంబరు 18

నిన్న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. రాత్రంతా గాలి. ఇవాళ మిల్లు ముందు ట్రాక్టర్లు వరసకట్టాయి. అన్నీ తడిసిన ధాన్యమే. తేమ మిషను 24 చూపిస్తోంది, కొనుగోలుకి 17 దాటకూడదు. రైతు మొహం చూడకుండా అంకె చదవడం నాకు ముప్పై ఏళ్లుగా అలవాటే. ఇవాళ ఎందుకో చేతకాలేదు. స్వర్ణ రకం గింజలు అరచేతిలో తడికి ఉబ్బి ఉన్నాయి.

మధ్యాహ్నం ఎవరో పులిహోర పొట్లాలు పంచారు. నా జేబులో రెండు ఉడకబెట్టిన గుడ్లు. గోడవైపు తిరిగి తిన్నాను. ఆ తడిసిన బస్తాల మధ్య, "నేను అన్నం తినను" అని ఎలా చెప్పను?

డిసెంబరు 27

అల్లుడు ఫోన్లో చెప్పిన కథ. 1863లో లండన్లో విలియం బాంటింగ్ అనే ఆయన, అంత్యక్రియలు జరిపించే వృత్తి, తన స్థూలకాయం ఎలా తగ్గిందో చిన్న పుస్తకం వేశాడట. రొట్టె, పంచదార, బీరు, బంగాళాదుంప మానేసి మాంసం తిన్నాడు. అయితే ఆయన వెన్న కూడా మానేశాడు! మన నెయ్యి గిన్నె చూస్తే ఏమనేవాడో. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ ఈయన కాదు, ఆయన తర్వాతి కాలం మనిషి.

జనవరి 5, 2019

గోంగూర మాంసం ఒట్టిగా తినొచ్చు. నేతి బెండకాయ వేపుడు తినొచ్చు. చేపల పులుసు మాత్రం అన్నం లేకపోతే అనాథ. ముక్క తిన్నాక గిన్నెలో మిగిలిన పులుసుని చెంచాతో తాగాను, మందు తాగినట్టు. ఆవిడ కాలీఫ్లవర్ తురిమి "అన్నం" అని పెట్టింది. దాన్ని కాలీఫ్లవర్ అనే పిలుద్దాం అన్నాను.

జనవరి 16, కనుమ

అమ్మాయి, అల్లుడు, మనవరాలు వచ్చి నాలుగు రోజులు. అరిసెల వాసనకి భోగినాడు తట్టుకున్నాను, సంక్రాంతినాడు తట్టుకున్నాను. కనుమనాడు మినుము తినాలంటారు. నాటుకోడి పులుసు పక్కన గారెలు పెడితే నాలుగు తిన్నాను. తిన్న రెండు గంటలకి 212. విచారంగా లేదు, అబద్ధం ఎందుకు.

మనవరాలు నా ఒళ్లో కూర్చుని మొహం తిప్పేసుకుంది. "తాతయ్య నోరు గోళ్లరంగు తుడిచే సీసాలా ఉంది" అంది. అందరూ నవ్వారు. పిల్ల ముక్కు తప్పు కాదు. కొవ్వు కరిగేటప్పుడు కీటోన్లు పుడతాయి, అందులో ఒకటి అసిటోన్. గోళ్లరంగు తుడిచేదీ అదే.

జనవరి 30

నరసయ్య అడిగాడు. "ఆయ్, ఏం తింటున్నారండి గుమాస్తా గారూ, సన్నబడ్డారు?" చెప్పాను. వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. తెల్లకార్డు మీద అతనికి కిలో బియ్యం రూపాయి. నా నెయ్యి కిలో అయిదొందలు. పూటకి నాలుగు గుడ్లు, వారానికి కిలోన్నర మాంసం. "మాకు కుదర్దండి" అని బస్తా భుజానికెత్తుకున్నాడు. డెబ్బై అయిదు కిలోల బస్తా. ఆ మనిషి పూటకి ఎంత అన్నం తింటాడో నాకు తెలుసు. అతనికి షుగరు లేదు.

మార్చి 5

నిన్న శివరాత్రి. జీవితంలో మొదటిసారి ఉపవాసం తేలిగ్గా గడిచింది, ఆకలే వేయలేదు. ఇవాళ రిపోర్టులు. మూడు నెలల టెస్టు 6.5. బరువు 75. నేను లేచి నిలబడబోతుంటే డాక్టరు గారు రెండో కాగితం తిప్పారు. చెడ్డ కొలెస్టరాలు 118 నుంచి 167.

"కొందరికి పెరగదు, కొందరికి పెరుగుతుంది. మీకు పెరిగింది" అన్నారు. నెయ్యి బాగా తగ్గించి వేరుశనగ నూనె, చేపలు, కాస్త పప్పు, మధ్యాహ్నం చిన్న కప్పుడు అన్నం. కప్పు అంటే ఎంత అన్నాను. వంద గ్రాముల అన్నంలో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుందట. అది దాటొద్దన్నారు. నేను ఒకప్పుడు పూటకి నాలుగొందల గ్రాములు లాగించేవాణ్ని. గుమాస్తానై ఉండీ ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు.

మార్చి 6

కప్పుడు అన్నం, ముద్దపప్పు, చెంచా నెయ్యి. తొంభై మూడు రోజుల తర్వాత. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 24

ఆవిడ మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. "ఏం లేదండి, నీరసం." ఊరికే నా మిషనుతో వేలు గుచ్చాను. పరగడుపున 148. ఇంకో చేతి వేలు గుచ్చాను. 151.

మార్చి 27

ఆవిడ మూడు నెలల టెస్టు 7.3.

"అమ్మగారు ఏం తింటారు?" డాక్టరు గారు అడిగారు. నేను జవాబు చెప్పబోయి ఆగాను. నాకు తెలీదు. పొద్దున్న నేను మిల్లుకి వెళ్లాక తింటుంది, రాత్రి నాకు పెట్టాక తింటుంది.

ఆవిడే చెప్పింది. ఇన్నేళ్లుగా ఎసట్లో మూడు గ్లాసులు పోసేది. నేను మానేశాక రెండు. "ఒక గ్లాసు పోస్తే గిన్నె అడుగంటిపోతుందండి. ఎవరైనా వస్తే?" రాత్రి మిగిలింది పొద్దున్న చద్దన్నం. పొద్దున్నది మిగిలితే మధ్యాహ్నం. నా వేపుళ్లు, నా గుడ్లు, నా ఎముకల చారు అయ్యేసరికి పదిన్నర, తనకి వేరే కూర వండుకోవడానికి ఓపిక ఉండేది కాదు. మజ్జిగ, ఆవకాయ. డిసెంబరు నుంచి ఇదే.

పుస్తకం తీసి చూశాను. నెయ్యి ఎన్ని కిలోలో ఉంది, గుడ్లు ఎన్నో ఉంది, గారెలు నాలుగని కూడా ఉంది. ఈ అన్నం ఎక్కడా లేదు.

ఏప్రిల్ 6, ఉగాది

పచ్చడి ఇద్దరం ఒక్కో చెంచా. బెల్లం తగ్గించి వేప్పువ్వు కాస్త ఎక్కువ వేసింది. బజారుకి వెళ్లి చిన్న గిన్నె కొన్నాను, గ్లాసు బియ్యానికి సరిపోయేది. ఆవిడ దాన్ని చూసి, "ఇందులో వండితే బొమ్మరిల్లు కాపురంలా ఉంటుందండి" అంది.

ఏప్రిల్ 12

నిన్న ఓట్లు. మిల్లుకి సెలవు. వంట నేను చేశాను. వంకాయ కూర మాడింది. అన్నం సరిగ్గా ఇద్దరికే వచ్చింది.

ఏప్రిల్ 21

ఆవిడ పరగడుపున 131. నాది 118. బియ్యం, పూటకి ముప్పావు గ్లాసు. మిగిలింది, లేదు.